సెంబవాంగ్ ఆంటీ హోస్టా మడి

సెంబవాంగ్ ఆంటీ పోయారు. పోయిన మంగళవారం ఉదయం ఆమె మనవరాలు ఫోన్ చేసింది. నేను సింగపూర్ బిషాన్‌లో మా ఇంట్లో దోసెపిండి గిన్నె కడుగుతున్నాను. "ఆంటీ, అమ్మమ్మ పాస్డ్ అవే దిస్ మార్నింగ్. నిద్రలోనే. నో పెయిన్ అన్నాడు డాక్టర్," అంది. ఆ పిల్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. "యూ కమ్ లా, ఆంటీ," అని పెట్టేసింది. కుళాయి పారుతూనే ఉంది. కట్టేసి, చేతులు తుడుచుకుని, సెంబవాంగ్ వెళ్లే ట్రైన్ ఎక్కాను.

ఎనభై దాటి కొన్నేళ్లయింది ఆమెకు. ముందు రోజు రాత్రి చారన్నం తిని పడుకున్నారట. ఆ వయసులో ఆ రకం చావును అన్యాయం అనడానికి లేదు. ఆమె గురించి పేపర్లో రాసేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని నాకు తెలిసినంత నేను రాస్తున్నాను. ఆమె పెంచిన హోస్టా అనే ఆకుమొక్కల మడి గురించే ఎక్కువ రాస్తాను. ఆమెను నేను దగ్గరగా చూసింది ఆ మడి పక్కనే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మంచి ఊపులో ఉన్న రోజులవి. సంవత్సరం అంకె మారితే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని లోకమంతా భయపడుతోంది. ఆ భయం పుణ్యమా అని మా బోటివాళ్లకు ఉద్యోగాలు వచ్చాయి. నేను గుంటూరు నుంచి నేరుగా సింగపూర్‌లో దిగాను. కంపెనీ ఇచ్చిన హోటల్ గది గడువు అయిపోవస్తుంటే, ఆఫీసులో ఒకాయన చెప్పాడు: "సెంబవాంగ్‌లో ఒక తెలుగావిడ గది అద్దెకిస్తారు. దూరమే గానీ మనిషి మంచిది."

తలుపు తీసిన మనిషి పొట్టిగా, బిగుతైన ముడితో, పూల గౌనులో ఉన్నారు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మకాన్ అయ్యిందా?" అని అడిగారు.

నేను మకాం అనుకున్నాను. "ఇంకా లేదండీ. దాని కోసమే వచ్చాను," అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. అప్పటికీ ఎందుకో చెప్పలేదు. లోపలికి తీసుకెళ్లి కంచం పెట్టి, అన్నం, ఎండుచేపల పులుసు వడ్డించాక, "మకాన్ అంటే తిండే గుంటా. మలాయి మాట," అన్నారు. గది సంగతి ఆ తర్వాత మాట్లాడుకున్నాం.

గుంటా అన్న పిలుపు నాకు మొదట్లో గుచ్చుకుంది. మా వైపు గుంట అంటే గొయ్యి. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటకు వచ్చినవాడు. ఆమె పుట్టింది, పెరిగింది ఆ తోటలోనే. తాతతో వచ్చిన ఆ కాలపు తెలుగులో పక్కింటి తమిళం, బజారు మలయ్ కలిసి ఆమె భాష అయింది. అందులో గుంట అంటే ఆడపిల్ల, అంతే. నెల తిరిగేసరికి ఆ పిలుపు వినపడకపోతే ఇల్లు బోసిగా అనిపించేది.

ఇంట్లో ఆమె, అంకుల్, నేను. కొన్నాళ్లకు నా గదిలోకి వరంగల్ నుంచి సుజాత వచ్చి చేరింది. తనూ ప్రోగ్రామరే. పిల్లలు పెళ్లిళ్లయి వేరే ఉండేవారు. అంకుల్ షిప్‌యార్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటికే ఆయనకు మతిమరుపు మొదలైంది. కూతురి పేరు మర్చిపోయేవారు. తిన్న కంచం ముందే కూర్చుని ఆకలవుతోందనేవారు. కానీ పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి ఒక మాట మాత్రం అడిగేవారు. "ఆకులు లేచేయా?"

"ఇంకా లేదు," అనేవారు ఆంటీ, బియ్యం కడుగుతూ.

ఏ ఆకులని ఒక రోజు నేనడిగాను. అప్పుడు చెప్పారు జపాన్ సంగతి. అంకుల్‌ను ఉద్యోగంలో ఉండగా షిప్‌యార్డు వాళ్లు ట్రైనింగ్‌కని జపాన్‌లో ఒక రేవు పట్నానికి పంపారట. ఆఖరి రెండు నెలలు ఆంటీని కూడా రమ్మన్నారట. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్లారు. చలి. భాష రాదు. ఆయన పొద్దున పోతే సాయంత్రం దాకా రారు. ఇల్లు అద్దెకిచ్చిన ముసలామె పెరట్లో, ఎండ పడని గోడ పక్కన ఉత్త మట్టి మడి ఉండేదట. ఆ ముసలామె రోజూ దాని ముందు కూర్చుని టీ తాగేదట.

"మన్ను సూస్తా టీ తాగతాదేటి ఈ ముసల్ది, పిచ్చా అనుకున్నాను. ఓ రోజు పొద్దున నన్ను సెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సూపింది. మన్నులోంచి ముక్కులు పైకొచ్చినాయి. వంకాయ రంగు. ఆ యేళ నుంచి నేనూ కూకున్నాను. నెల్లాళ్లు ఇద్దరం అదే పని. గిబోషి అని పేరు సెప్పింది."

ఆంటీ దేన్నీ కావాలని అడిగే మనిషి కాదు. కూతుళ్లు కొనిచ్చిన చీరలు కూడా అలాగే అట్టపెట్టెల్లో ఉండేవి. అలాంటి ఆమె, నన్ను ఆఫీసు పని మీద జపాన్ పంపుతున్నారని తెలిసిన రోజు, నేను బట్టలు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఆ గిబోషి దుంపలు అక్కడ దొరికితే, నీకు బరువు కాకపోతే," అని ఆగిపోయారు. తక్కినది పూర్తి చేయలేదు.

తెచ్చాను. అక్కడి ఆఫీసులో ఒకమ్మాయి నన్ను మొక్కల దుకాణానికి తీసుకెళ్లింది. మట్టి కడిగేసిన మూడు దుంపలు, విమానాశ్రయంలో చూపడానికి కాగితం ఇప్పించింది. ఆంటీ వాటిని రెండు చేతులా పట్టుకుని వాసన చూశారు.

మా బ్లాకు కింద, స్తంభాలకూ మురుగుకాలవకూ మధ్య సన్నటి నేల ఉంది. రోజులో ఎక్కువసేపు అక్కడ నీడే. కరివేపాకు, వంటలో వాసనకు వేసే పాండన్ ఆకు అప్పటికే వేసి ఉన్నారు ఆంటీ. పై అంతస్తు చైనా ఆంటీ ఫెర్న్ కుండీలు కూడా అక్కడే. ఆ చివర మూడు దుంపలు నాటారు. మొలిచాయి. వేలెడు ఆకులు వేశాయో లేదో, వాన పడిన ఒక రాత్రి నత్తలొచ్చి మొత్తం తినేశాయి. పొద్దున చూస్తే కాడలు మాత్రం ఉన్నాయి. ఆ తర్వాత ఏడాది ఎరువు వేసినా, నీళ్లు పోసినా, పైకి రాలేదు. దుంప గట్టిగానే ఉంది. లేవడం లేదంతే.

అప్పట్లో ఇంటర్నెట్ ఉన్నది ఆఫీసులోనే. మధ్యాహ్నం భోజనాల వేళ వెతికాను. ఇంగ్లీషులో దాని పేరు హోస్టా అని అప్పుడే తెలిసింది. చలికాలం గడవందే దానికి వసంతం రాదట. కొన్ని వారాలపాటు చల్లటి నేలలో పడుకుంటేనే మళ్లీ మొలుస్తుందట. ఇంటికొచ్చి చెప్పాను.

ఆంటీ చాలాసేపు ఆలోచించారు. "అదన్నమాట. పాపం, నిదర లేదు దానికి. పడుకోనీకుండా లెగు లెగు అంటే ఎలగ లేస్తాది?" అన్నారు. మర్నాడు దీపావళి పిండివంటలు ఖాళీ చేసి, ఫ్రిజ్ కింది అరలో కూరగాయలు తీసేసి, దుంపల్ని తడి పేపర్లో చుట్టి పెట్టారు.

ఆ ఫ్రిజ్ చలికాలంలో ఒక దుంప పోయింది. తప్పు సుజాతది అనలేను. ఒక ఆదివారం తను మా అందరికీ టీ పెట్టింది. తాగుతున్నాం. అంకుల్ కప్పు ఖాళీ చేసి, "టీ బాగున్నాది," అన్నారు. ఆయన ఆ మాట అని ఎన్నాళ్లయిందో. సుజాత పొంగిపోయి, "అల్లం ఏసిన అంకుల్. కానీ గీ సింగపూర్ అల్లం గింత ఘాటు లేదేంది? ఎంత దంచినా వాసననే రాదు," అంది.

ఆంటీ కప్పు కింద పెట్టారు. "ఎక్కడిదే అల్లం?"

"ఫ్రిజ్‌ల పేపర్ల సుట్టి ఉండె కదా ఆంటీ..."

నేను నెత్తి పట్టుకున్నాను. సంగతి తెలిసి సుజాత మొహం పాలిపోయింది. ఆంటీ లేచి వెళ్లి, ఫ్రిజ్ తెరిచి, మిగిలిన రెండూ తడిమి చూసి వచ్చారు. మళ్లీ కప్పు చేతిలోకి తీసుకుని తాగేశారు. "తెచ్చిన గుంట తాగింది, దంచిన గుంట తాగింది. నేనెందుకు ఒగ్గేయాలి?" అన్నారు. సుజాత ఏడుస్తూనే నవ్వింది.

చైనీయుల కొత్త సంవత్సరం వెళ్లాక దుంపల్ని బయటికి తీసి నాటారు. చుట్టూ గుడ్డు పెంకుల పొడి చల్లారు. నత్తల్ని చంపేవారు కాదు. తెల్లవారి దిగి పాలడబ్బాలోకి ఏరి, కార్ పార్కు అవతలి పొదల్లో వదిలి వచ్చేవారు. "అవి మళ్లీ నడిచొస్తాయి ఆంటీ," అంటే, "రానీ. ఆటికి నడకే కదా పని," అనేవారు.

ఆ రోజుల్లోనే మా కంపెనీ సింగపూర్ ఆఫీసు మూసేసింది. ఊపు తగ్గిందని అందరం వింటూనే ఉన్నాం గానీ మన దాకా వస్తుందనుకోలేదు. ఉదయం మీటింగ్ అన్నారు. మధ్యాహ్నానికి అట్టపెట్టెతో రోడ్డు మీద ఉన్నాను. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే పాసు కూడా పోతుంది. కొన్ని వారాల గడువిచ్చారు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదంటే వెళ్లిపోవాలి. గుంటూరులో నాన్నకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ మధ్యనే మా ఇంట్లో పెళ్లి సంబంధం మాట కూడా నడుస్తోంది, అమ్మాయికి సింగపూర్‌లో ఉద్యోగమని చెప్పుకుంటూ.

పైకి వెళ్లబుద్ధి కాలేదు. బ్లాకు కింద సిమెంటు గట్టు మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ నీళ్ల డబ్బాతో వచ్చారు. పెట్టె చూశారు. నా మొహం చూశారు.

"పోయిందా?"

తలూపాను.

"మకాన్ అయ్యిందా?"

లేదన్నాను. పైకి వెళ్లి అన్నం కలిపి తెచ్చి అక్కడే పెట్టారు. నేను తింటుంటే మడికి నీళ్లు పోసుకున్నారు. అయ్యో అనలేదు, అంతా మంచికే అనలేదు. డబ్బా బోర్లించి పక్కన కూర్చుని, "రేపు పొద్దున ఏటి పని నీకు?" అని అడిగారు.

"ఏం లేదు. ఉద్యోగాలకు రాయాలి."

"అది పది గంటలకి రాయొచ్చు. తెల్లారి నాతో దిగు."

దిగాను. ఆ మర్నాడూ దిగాను. ఆ వారాలన్నీ అంతే. పొద్దున ఆరున్నరకు నేను, ఆంటీ గట్టు మీద. ఆఫీసులకు వెళ్లేవాళ్లు మా ముందు నుంచే గబగబా నడిచి వెళ్లేవారు. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. చున్నీ సర్దుకుంటూ, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు వాచీ చూసుకునేదాన్ని. ఆంటీకి ఆ బాధ లేదు. నింపాదిగా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మట్టిని చూసేవారు.

ఉగాదికి ఇంకా రెండు రోజులుందనగా ముక్కులు కనిపించాయి. ముందు నాకు కనపడలేదు. ఆంటీ వేలితో చూపించారు. మట్టి చిట్లి, వంకాయ రంగు మొనలు, పెన్సిల్ మొనంత. మర్నాటికి వేలంత. తర్వాత ఒక్కో మొన చుట్ట చుట్టిన చాప విప్పినట్టు మెల్లగా విప్పుకుంది. నీలం కలిసిన ఆకుపచ్చ. ఈనెలు దువ్వెనతో దువ్వినట్టు. ఆకు మీద బూడిదగుమ్మడికాయ మీద ఉండేలాంటి తెల్లటి పొడి. నేను ముట్టుకోబోతే ఆంటీ చెయ్యి పట్టుకున్నారు. "వేలు పెడితే ఆ గురుతు అలగే ఉండిపోద్ది. కళ్లతో సూడు."

వాన పడితే నీళ్లు ఆకు నడిమికి జారి అక్కడ నిలిచేవి. ఆకు బరువుకు వంగి, ఆ నీళ్లను వదిలేసి, మళ్లీ లేచేది. నేను అంతకుముందు ఏ ఆకునూ అంతసేపు చూసి ఉండలేదు. నిజం చెప్పాలంటే ఇంటర్వ్యూల భయం పోలేదు, నిద్ర సరిగ్గా పట్టలేదు. కానీ పొద్దున ఆ గంటసేపు మాత్రం భయం గుర్తొచ్చేది కాదు.

చైనా ఆంటీ మార్కెట్ సంచితో వస్తూ ఆగింది. "వా, సో నైస్ ఆ! కెన్ ఈట్ ఆర్ నాట్?"

"కెనాట్ లా. ఓన్లీ సీ," అన్నారు ఆంటీ గర్వంగా.

చైనా ఆంటీ సంచి కింద పెట్టి తనూ కూర్చుంది. ఆ తర్వాత రోజూ కూర్చునేది.

అంకుల్‌ను తీసుకొచ్చిన రోజు చెప్పాలి. నాకూ సుజాతకూ ఇదంతా ఆయన కోసమే అని గట్టి నమ్మకం. ఏళ్ల తరబడి అడుగుతున్న మనిషి, ఆకులు చూడగానే ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటారని, ఆంటీని పేరు పెట్టి పిలుస్తారని మాలో మేము అనుకున్నాం. శనివారం, సుజాతకు సెలవు. ఆయనకు ఉతికిన చొక్కా తొడిగి, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని లిఫ్టులో దించాం. మడి ముందు నిలబెట్టాం. ఆకులు అప్పటికి అరచేతులంత ఉన్నాయి.

"సూడు, లేచినాయి," అన్నారు ఆంటీ.

ఆయన చూశారు. కొంచెం వంగి కూడా చూశారు. ఆయన నిటారుగా నిలబడి, కార్ పార్కు వైపు చూసి, "డ్యూటీకి టైమైపోనాది. నా బూట్లేవి?" అన్నారు.

సుజాత మొహం తిప్పుకుంది. ఆంటీ ఆయన్ను చెయ్యి పట్టి గట్టు మీద కూర్చోబెట్టి, "ఇయాళ సెలవు. కూకో," అన్నారు. ఆయన కూర్చున్నారు. సుజాత కన్నీళ్లు చూసి ఆంటీ ఆశ్చర్యపోయారు.

"ఏటైందే?"

"అంకుల్ గుర్తువడతడనుకున్న ఆంటీ. ఇంత కష్టపడ్డరు మీరు ఆయన కోసం."

"ఆయన కోసమని ఎవులు సెప్పేరు?" అన్నారు ఆంటీ. కోపం లేదు ఆ గొంతులో. "ఆయన ఆ ఊళ్లో వీటిని సూసింది లేదు. పొద్దున పోయి రాత్రికొచ్చీవోరు. ఆకులు లేచినాయా అని నన్నే అడిగీవోరు. నేను సెప్పీదాన్ని. పుట్టిన కాడ నుంచి పనే నాకు. రబ్బరు తోటలో పాల బకెట్టు మోసినాను. తరవాత పిల్లలు, వంట, ఆయన కేరేజీ. ఊరికినే కూకుని ఒకటి సూడ్డం అక్కడే, ఆ నెల్లాళ్లే. మళ్లీ సూడాలనుకున్నాను. నాకోసమే. సూసేను." కొంచెం ఆగి, "బాగున్నాయి," అన్నారు.

అని మళ్లీ ఆకుల వైపు తిరిగారు. చేసేది లేక మేమూ కూర్చున్నాం. అంకుల్ ఎండలో కళ్లు మూసుకున్నారు. ఆ ఉదయం అలా గడిచింది. దాన్ని విషాదమని తర్వాత ఎప్పుడూ అనుకోలేకపోయాను.

ఆమె అన్న మాట నాలో చాలాకాలం తిరిగింది. నేను పెరిగిన ఇంట్లో ఆడవాళ్లు తులసికోటకు నీళ్లు పోసేవారు మొగుడి కోసం, పూలు కోసేవారు దేవుడి కోసం, కూరపాదులు పెట్టేవారు ఇంటి కోసం. నాకు చూడాలని ఉంది, అందుకు పెంచాను అన్న ఆడమనిషిని మొదటిసారి ఆ సెంబవాంగ్ బ్లాకు కిందే చూశాను.

గడువు ముగిసే వారంలో హౌగాంగ్‌లో ఒక చిన్న ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. సరుకుల గోదాములకు ప్రోగ్రాములు రాసేవాళ్లు. పని పాతకాలపుదే, హోదా కూడా తక్కువే. చేరాను. ఇక్కడే ఉండిపోయాను. సుజాత ఆ ఏడాది చివర్లో హైదరాబాద్ వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోన్లో తను టీ తాగుతున్నానంటే, వేసింది అల్లమేనా అని అడుగుతాను. అంకుల్ మరుసటి సంవత్సరం పోయారు. పాడె మోసిన నలుగురిలో షిప్‌యార్డులో ఆయన కింద పనిచేసిన మన తెలుగు కుర్రాళ్లు ఇద్దరున్నారు. పెళ్లయి నేను బిషాన్ వచ్చేశాక కూడా ప్రతి ఉగాదికి పచ్చడి గిన్నె పట్టుకుని సెంబవాంగ్ వెళ్లేదాన్ని. ఆమె పచ్చడి ఒక చెంచా నాలిక్కి రాసుకుని, "బెల్లం ఎక్కువేసినావు," అని ప్రతి ఏడూ అనేవారు.

దుంపలు పిలకలు పెట్టాయి. ఆ రెండే మడి నిండా అయ్యాయి. ఆంటీ అడిగినవాళ్లకల్లా ఇచ్చేవారు. చైనా ఆంటీ ఫ్రిజ్‌లో కూడా దీపావళి నుంచి దుంపలుండేవి. ఒకసారి టౌన్ కౌన్సిల్ నుంచి ఒకతను వచ్చి ఇక్కడ మొక్కలు వేయకూడదన్నాడట. ఆంటీ వాదించలేదు. గట్టు మీద కూర్చోమన్నారట. ఆమె ఇచ్చిన కాఫీ తాగి, కాలిదారి మీదికి రాకుండా చూసుకోండని చెప్పి వెళ్లాడు. ఆమెకు వాదనల మీద కన్నా కూర్చోబెట్టడం మీదే నమ్మకం ఎక్కువ.

ఆఖరుగా చూసింది ఈ ఉగాది తర్వాతి ఆదివారం. నడుం వంగిపోయింది, మాట కూడా తగ్గింది. తవ్వడం, ఫ్రిజ్‌లో పెట్టడం మనవరాలే చేస్తోంది. గట్టు మీద కూర్చుంటే లేవలేకపోతున్నారని ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొన్నారు. నేను వెళ్లేసరికి దాని మీద ఉన్నారు. పలకరిస్తే తలూపారు. పక్కన నేల మీద కూర్చున్నాను.

ఆకులు అప్పుడే విప్పుకుంటున్నాయి. రెండు బ్లాకుల మధ్య నుంచి ఎండ వచ్చి స్టూలు కాళ్ల దాకా పాకింది. నేను లేచి సాయం చేద్దామనుకునేలోపే ఆమె రెండు చేతులా స్టూలు అంచులు పట్టుకుని, కూర్చున్న చోటి నుంచే కొంచెం లేచి, దాన్ని నీడలోకి జరుపుకున్నారు. ఎండ మళ్లీ వచ్చింది. ఆమె మళ్లీ జరిగారు. అలా జరుగుతూ జరుగుతూ, పొద్దెక్కేసరికి, మొదట మడికి ఆ చివర ఉన్న మనిషి ఈ చివరికి వచ్చారు, చూపు మాత్రం ఆకుల మీద నుంచి తీయకుండా.